ఒప్పందం రిబ్బనుకు పెట్టిన పసుపు

మావారు ఆఫీసులో ఏం పని చేస్తారో చుట్టాలకు చెప్పడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. "విదేశాలతో ఒప్పందాలు చూస్తారు" అంటే పెద్ద హోదా అనుకునేవారు. "కాగితాలు కుడతారు" అంటే నవ్వేవారు. రెండూ కొంత కొంత నిజమే. మన దేశం ఇంకో దేశంతో ఒప్పందం చేసుకున్నప్పుడు పెద్దవాళ్ళు సంతకం పెట్టే రెండు ప్రతులను తయారుచేసే విభాగం ఆయనది. మందపాటి కాగితం మీద అచ్చు వేయించడం, అక్షరం అక్షరం సరిచూడడం, పక్కన బెజ్జాలు వేసి రెండు దేశాల రంగుల రిబ్బన్లు ఎక్కించడం, ముడి మీద లక్క పోసి ముద్ర వేయడం. టీవీలో ఇద్దరు నాయకులు నవ్వుతూ తోలు అట్టలు మార్చుకుంటారే, ఆ అట్టల లోపల ఉండేది ఆయన చేతిపని.

నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారికి ఊరూరా బదిలీలు. అందుకని తెలుగూ హిందీ లెక్కలూ, అక్కరకొచ్చేంత ఇంగ్లీషూ ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పారు. నేర్పినందుకు ఇప్పటికీ రోజూ దీపం దగ్గర ఆయన్ని తలుచుకుంటాను. లోకం సంగతులు మాత్రం పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చి మావారి నోటినుంచే విన్నాను. ఆ రెండు ప్రతుల సంగతీ అలాగే తెలిసింది. మన దగ్గర ఉండిపోయే ప్రతిలో మన దేశం పేరు ముందుంటుందట. వాళ్ళు పట్టుకెళ్ళే ప్రతిలో వాళ్ళ పేరు ముందట. సంతకాలూ అదే వరస.

"మరి ఎవరు పెద్ద?" అని అడిగాను.

"ఎవరి ప్రతిలో వాళ్ళే పెద్ద. ఇద్దరికీ మనసు కష్టం లేదు."

ఇంత మర్యాద లోకంలో ఉన్నందుకు మర్నాడు దేవుడికి దండం పెట్టుకున్నాను. నాకు అదొక అలవాటు. కుళాయిలో నీళ్ళొచ్చినా, మెట్రోలో ఎవరైనా లేచి చోటిచ్చినా ఒక దండం.

మావారు కాగితం ముక్క ఒక్కటి కూడా ఇంటికి తెచ్చేవారు కారు. రిబ్బను మాత్రం తెచ్చేవారు. కోసిన చోట పోగులు లేస్తాయి, సంతకం వేళకి కుచ్చులా వేలాడతాయి. నేను అంచు లోపలికి మడిచి, కుట్టు పైకి తెలియకుండా కుట్టి ఇచ్చేదాన్ని. అది రిజిస్టరులో ఎక్కిన వస్తువనీ, ఆఫీసు దాటకూడదనీ ఆయనకు తెలుసు. "గజం రిబ్బను కోసం ఎవడడుగుతాడే" అనేవారు. ఎవరూ అడగలేదు కూడా, చాలా ఏళ్ళ పాటు.

ఆయన రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఆ విభాగానికి ఒక తెలుగమ్మాయి వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. ఢిల్లీలో అద్దె గదుల్లో ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి రాసి, అనుకున్న పెద్ద ఉద్యోగం రాక, ఈ ఉద్యోగంలో చేరింది. మయూర్ విహార్‌లో ఒంటిగది. మేమప్పుడు సరోజినీ నగర్ సర్కారీ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. ఒక ఆదివారం మావారు భోజనానికి పిలిచారు. ఆ తర్వాత పిలవకుండానే వచ్చేది. నన్ను "ఆంటీ" అనేది, ఆయన్ని "సార్" అనేది. నేను పులిహోర కలిపితే పక్కనే నిలబడి చేతిలో పెట్టించుకునేది.

"ఆంటీ, మీరు గింత పుల్లగ చేస్తరు, సార్ ఎట్ల తింటడు?"

"మీ సారుకి నోరు లేదమ్మా, ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ తింటున్నారు."

"నోరు ఉంటే నువ్వు బతకనిస్తావా?" అని ఆయన పేపరు చాటునుంచి.

ఆ పిల్లకు ఒక్కటే కోరిక, పైదేశంలో మన కార్యాలయానికి పోస్టింగు. ఆ ఉద్యోగంలో కొన్నేళ్ళకు అలాంటి అవకాశం వస్తుంది. జాబితా తయారవుతోందనీ, అందులో తన పేరు దాదాపు ఖాయమనీ ఒకనాడు చెప్పింది. దక్షిణాన రెండు సముద్రాల కవతల ఉన్న దేశం.

"నేను ఇంతవరకు సముద్రమే చూడలే ఆంటీ. ఇగ ఒక్కసారె మూడేండ్లు చూస్త."

ఆ వారమే మార్కెట్లో పెద్ద సూట్‌కేసు కొంటానంటే నేనూ వెంట వెళ్ళాను. చక్రాలు తిరుగుతున్నాయో లేదో అని దాన్ని కొట్టు ముందు అటూ ఇటూ లాగి చూసింది. "దీదీ, ఖరీద్‌నా హై యా ఘుమానా హై?" అన్నాడు కొట్టువాడు. కొననా, తిప్పుతూనే ఉంటావా అని. ఇద్దరం పగలబడి నవ్వాం.

సరిగ్గా ఆ దేశంతోనే మనకు వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. ఆ మాట పేపర్లో చదివి, అర్థం కాక మావారిని అడిగాను.

"రెండూ జనం ఓట్లేసి నడుపుకునే దేశాలే. ఇన్నాళ్ళూ స్నేహంగానే ఉన్నాయి. మళ్ళీ కాగితం ఎందుకండీ?"

"దూరం కదే. పక్కింటివాడైతే గోడ మీంచి కేకేస్తాం. అంత దూరాన ఉన్నవాడు చెప్తేనే గానీ మనకి తెలీదు. ఏదైనా ముంచుకొస్తే ముందు నాకు చెప్పు, నేనూ నీకు చెప్తాను. పేజీలకి పేజీలు ఉంటాయి గానీ సగం ఇదే."

ఆ రెండు నెలలూ ఆయనకు ఆదివారం లేదు. ఆ దేశం వాళ్ళు ఒక మాట మార్చమంటారు, మనవాళ్ళు ఇంకో మాట. మార్చినప్పుడల్లా మొత్తం మళ్ళీ సరిచూడాలి. ఆయన కళ్ళు ఎర్రబడేవి. రిటైరు కావడానికి ఎనిమిది నెలలుంది. ఆయన చేతిమీదుగా వెళ్ళే ఆఖరి పెద్ద కాగితం అదే. సంతకాలకు రెండు రోజుల ముందు రిబ్బను తెచ్చారు. తెల్లటి పట్టు చాలా ఉంది అందులో. నేను అంచులు కుట్టాను. కుట్టి ముగించాక నా చేయి తనంతట తానే పసుపు డబ్బా మీదికి వెళ్ళింది.

మా ఇళ్ళలో కొత్త బట్ట కట్టుకునే ముందు మూలన కాస్త పసుపు పెడతాం. పసిపిల్ల గౌనుకైనా సరే, పెట్టకుండా తొడగం. అంతవరకు ఏ రిబ్బనుకూ పెట్టలేదు, అవి ఆఫీసు వస్తువులు. ఇది మాత్రం ఇంత దూరం వెళ్ళేది, ఇద్దరి మధ్య మాట నిలబెట్టేది, ఆయన ఆఖరి పని. తడివేలితో పసుపు అద్ది, మడత లోపలికి పోయేచోట చుక్క పెట్టాను. కనబడదులే అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన సంగతిగా తోచలేదు.

సంతకాల రోజు ఆయన తెల్లవారగానే బయల్దేరారు. ఆ పిల్లా పొద్దున్నే వస్తుందని, ఏమీ తినదని, ఒక డబ్బాలో పులిహోర పెట్టి ఆయన చేతికిచ్చాను. పది దాటాక టీవీ ముందు కూర్చున్నాను. నాయకులిద్దరూ సంతకాలు పెట్టారు, అట్టలు మార్చుకున్నారు, చేతులు కలిపారు. కళ్ళు చెమర్చాయి. ఆయన్ని ఒడ్డెక్కించినందుకు దేవుడి ముందు హారతి వెలిగించాను.

సాయంత్రం వచ్చిన మనిషి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడ్డారు.

"ఆ పిల్లకి బుద్ధుండక్కర్లా? రిబ్బను ఎక్కిస్తూ అక్కడే తిందట. తెల్ల పట్టు మీద ఇంత మరక. పసుపూ ఎరుపూ, పచ్చడో ఏమిటో. వాళ్ళ దేశం ఆఫీసరమ్మ ప్రతులు చూసుకోడానికొచ్చి, ఇది లక్కేనా అని అడిగింది. మా పెద్దాయనకి తల తీసేసినట్టయింది. నేను హాల్లో ఉన్నాను. అరగంటలో విప్పి, కొత్త రిబ్బను ఎక్కించి, మళ్ళీ ముద్ర వేసి, ఎలా చేశామో ఆ దేవుడికే తెలియాలి. చివరికి ఆ ఒప్పందం పోగులు లేచిన రిబ్బనుతోనే వెళ్ళింది."

వానాకాలం, గాలి నిండా తేమ. ఆ చుక్క మడత దాటి పాకిందన్నమాట. ఎవరో సబ్బు పెట్టి తుడిచి ఉంటారు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ప్రతి ఆడదానికీ తెలుసు.

"తింటుంటే ఎవరైనా చూశారా?"

"చూసేదేమిటి? నువ్వు పంపిన పులిహోర డబ్బా అక్కడే అరలో ఉంది. పెద్దాయన దాన్ని చూపించి, ఇది ఆఫీసనుకున్నావా ధాబా అనుకున్నావా అన్నాడు. తినలేదు సార్ అంది. అంతకంటే ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫైల్లో రాశారు. పోస్టింగు జాబితాలోంచి పేరు తీసేస్తారు, ఇంకేముంది."

నేను నోరు తెరిచాను. "రిబ్బను మనింటికొచ్చిందని తెలిస్తే ఏమవుతుందండీ?" అనే మాటే వచ్చింది గానీ అసలు మాట రాలేదు.

"ఆ ఊసెత్తకు. ఎనిమిది నెలలుంది నాకు. ఈ వయసులో సంజాయిషీలు రాసుకోమంటావా?"

ఊసెత్తలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి, ఆయన మీదికి రాకుండా కాపాడినందుకు దండం పెట్టుకున్నాను. నా జీవితంలో నేను పెట్టిన దండాల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే. ఒకరి మీద పడింది కాబట్టి మా మీద పడలేదని తెలిసి తెలిసి పెట్టిన దండం.

ఆ తర్వాతి ఆదివారం ఆ పిల్ల రాదనుకున్నాను. వచ్చింది. మామూలుగా కూర్చుంది, మామూలుగా తింది. మావారు కాసేపు మందలించారు, తలవంచుకుని వింది. ఆయన కూరలకు బయటికి వెళ్ళాక నేనూ ఆమే వంటింట్లో మిగిలాం. కొత్తిమీర వలుస్తూ నా వంక చూసింది.

"ఆంటీ, ఏమన్న చెప్తరా?"

"ఏముందమ్మా, మజ్జిగ పోసుకో" అన్నాను.

అలా నాలుగు ఆదివారాలు వచ్చింది. ప్రతిసారీ నేను ఇంకాస్త ఎక్కువ వండాను. గారెలు చేశాను, బొబ్బట్లు చేశాను, కట్టి ఇచ్చాను. ప్రతిసారీ మావారు లేని సమయం చూసి నా పక్కకు వచ్చి నిలబడేది, ప్రతిసారీ నేను ఏదో ఒక గిన్నె తోమడం మొదలుపెట్టేదాన్ని. ఐదో ఆదివారం రాలేదు. "పనుందేమోలే" అన్నారు ఆయన. అవునేమో అన్నాను. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను.

మావారు మచ్చ లేకుండా రిటైరయ్యారు. పూలదండ వేసి, ఫోటో తీసి, ఇంటిదాకా కార్లో దింపారు. క్వార్టరు ఖాళీ చేసి వైశాలిలో సొంత ఫ్లాటుకు మారాం. అన్నీ సవ్యంగా జరిగాయి. ఆ సవ్యమైనవాటికి ఒక్కొక్కదానికీ దండం పెట్టబోతే ప్రతిసారీ చేతులు సగంలో ఆగేవి. పోయింది ఒక్క పోస్టింగే కదా, చిన్నపిల్ల, మళ్ళీ జాబితా వస్తుంది, అప్పుడు వెళుతుంది అని సర్దిచెప్పుకునేదాన్ని.

అలా కొన్నేళ్ళు గడిచాయి. మొన్న మాఘమాసంలో పొద్దున ఇడ్లీ తింటూ మావారు మాటవరసకు అన్నారు. "పాత ఆఫీసాయన కనబడ్డాడే పార్కులో. ఆ పిల్ల పేరు ఈసారి జాబితాలో కూడా లేదట. ఇక ముందూ కష్టమేనట. ఫైల్లో ఆ ముక్క అలాగే ఉంది కదా, తీసినవాడల్లా మొదట అదే చదువుతాడు."

నేను లేచి చేయి కడుక్కున్నాను. ఆ పిల్లను చూసొస్తానని చెప్పి మర్నాడే, శనివారం, మెట్రో ఎక్కాను. యమునా బ్యాంక్‌లో బండి మారి మయూర్ విహార్‌లో దిగాను. పళ్ళు కొన్నాను. వట్టి చేతులతో చెప్పే ధైర్యం లేదు.

తలుపు తీసి, "అరే, ఆంటీ!" అంది. కొంచెం చిక్కింది. మంచం మీద బట్టలు పక్కకు తోసి కూర్చోబెట్టింది. ఇప్పుడు పాత ఫైళ్ళ విభాగంలో వేశారట, పని తక్కువట. టీ పెట్టింది. నేను టీ ముట్టుకోలేదు. ముందే చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు.

"ఆ మరక నాదమ్మా. రిబ్బను మా ఇంటికొచ్చింది. పసుపు చుక్క నేను పెట్టాను."

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది.

"తెలుసు ఆంటీ."

"ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దుగాలనే. చిన్న పసుపుపచ్చ చుక్క కనవడ్డది. హడావిడిల సబ్బు పెట్టి రుద్దిన, ఎర్రగైంది. గప్పుడు సమజైంది. అంచు మడిచి కుట్టింది ఎవరో నాకు తెల్వదా? మా అమ్మ గూడ కొత్త చీరకు గట్లనే పెడ్తది."

"మరి చెప్పలేదేం తల్లీ? ఆ డబ్బా మూత తీసి చూపిస్తే తినలేదని తెలిసేది కదా."

"తెలిసేది. మరి మరక యాడికెల్లి వచ్చిందంటరు. రిబ్బన్ ఎవరు బయటికి తీస్కవోయిండ్రంటరు. సార్‌కు ఎనిమిది నెలలే ఉండె." గ్లాసు పక్కకు జరిపింది. "నేను చెప్పుడెందుకు, మీరే చెప్తరనుకున్న. ఆదివారం ఆదివారం వచ్చింది గందుకే ఆంటీ. మీరు సార్‌కు చెప్తె, సార్ ఏదో ఒక తీర్ల సర్ది నన్ను బయటవడేస్తడని. మీరు బొబ్బట్లు కట్టిచ్చిండ్రు."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు అంది, అంతే. నాకు ఏడుపు వచ్చింది. ఏడవడం కూడా ఆమె చేత ఓదార్పు అడిగినట్టే ఉంటుందని బలవంతాన ఆపుకున్నాను. దూరదేశాలవాళ్ళు కూడా ముందు నాకు చెప్పు అని కాగితం మీద రాసుకుంటారు. నా వంటింట్లో, మూర దూరంలో నిలబడి అడిగిన పిల్లకు నేను మజ్జిగ పోశాను.

"ఇప్పుడు రాసిస్తానమ్మా. మీ పెద్దాఫీసరుకి. నేనే చేశానని సంతకం పెట్టి ఇస్తాను."

"ఇప్పుడెందుకు ఆంటీ, ఛోడియే. ఆ వయసు దాటింది, ఆ పోస్టింగ్ ఇగ రాదు." కిటికీ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "రాస్తె రాయుండ్రి. పోస్టింగ్ కోసం కాదు. 'సంతకాల ప్రతుల దగ్గర కూసొని తిన్నది' అని రాసిండ్రు ఫైల్ల. కొత్త ఆఫీసర్ వచ్చినప్పుడల్లా అది చదివి నా మొఖం చూస్తడు. ఆ లైన్ తీసేస్తె చాలు" అంది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మెట్రో దాకా వచ్చి దిగబెట్టింది.

సాయంత్రం మావారికి మొత్తం చెప్పాను. ఆయన విని, పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "ఆ రోజే చెప్పి ఉంటే నేను వెళ్ళి ఒప్పుకునేవాణ్ణి కదే" అన్నారు. ఒప్పుకునేవారో లేదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను, అన్నాక కళ్ళు దించుకున్నారు. చెప్పి ఉంటే తెలిసేది. చూసుకునే అవకాశం ఆయనకూ ఇవ్వలేదు నేను.

మర్నాడు ఆయనే తెల్లకాగితం తీశారు. వాళ్ళ ఆఫీసు పద్ధతి ఆయనకు తెలుసు కదా. రిబ్బను తానే ఇంటికి తీసుకెళ్ళినట్టు ఆయన రాశారు, పసుపు నేనే పెట్టినట్టు కింద నేను రాశాను. ఎన్నిసార్లు రాసినా ఇంగ్లీషు వాక్యం వంకరగా వచ్చింది. చివరికి హిందీలో రాశాను. "ఆ అమ్మాయి ఏమీ తినలేదు" అన్న వాక్యం మాత్రం రెండుసార్లు రాశాను. ఒక్కసారి చాలన్నారాయన. కొట్టేయనివ్వలేదు.

సోమవారం ఇద్దరం కలిసే వెళ్ళాం. గేటు దగ్గర ఆయన్ని గుర్తుపట్టి సలాం కొట్టారు. ఆయన తలెత్తకుండా లోపలికి నడిచారు. అన్నేళ్ళు పనిచేసిన చోట అర్జీ పట్టుకుని కౌంటరు ముందు నిలబడడం ఆయనకెలా ఉందో నేను అడగలేదు. కాగితం తీసుకున్న గుమాస్తా ముద్ర వేసి, రసీదు మీద డైరీ నంబరు రాసి ఇచ్చాడు.

బయట చెట్టు కింద నిలబడి ఆ పిల్లకు ఫోన్ చేశాను.

"ఇచ్చామమ్మా. ఇప్పుడే."

"అచ్ఛా ఆంటీ." ఏదో సర్దుతున్న చప్పుడు. "డైరీ నంబర్ ఇచ్చిండ్రా?"

"ఇచ్చారు."

"జర ఆగుండ్రి, పెన్ను తీస్త. ఆఁ, చెప్పుండ్రి."

మావారి చేతిలోంచి రసీదు తీసుకుని ఒక్కొక్క అంకే చదివాను. ఆమె రాసుకుని, తప్పు పోలేదు కదా చూసుకోమని, మొదటి నుంచి మళ్ళీ నాకు చదివి వినిపించింది.